పూలకుండీ అంచు మీద 335 రౌండ్లు

గొంగళిపురుగు అనగానే మనలో చాలామందికి మునగచెట్టు గుర్తొస్తుంది. కాండానికి అతుక్కుని గుంపుగా, ఒళ్ళంతా బొచ్చుతో, చూస్తేనే దురద పుట్టేలా ఉంటాయి. ఫ్రాన్స్ దక్షిణాన పైన్ చెట్ల మీద అలాంటివే ఇంకో రకం ఉన్నాయి. వాటికీ దురద బాగానే ఉంది గానీ, వాటికి పేరు తెచ్చింది మాత్రం నడక. ముందున్న దాని తోకకి వెనక దాని తల ఆనించి, ఒకే వరసలో, ప్రేయర్ అయ్యాక క్లాసుకి వెళ్ళే స్కూలు పిల్లల్లా సాగిపోతాయి. విజిల్ ఊదేవాళ్ళు లేరు, దారి చెప్పేవాళ్ళు లేరు. మరి ఆ లైను ఎలా నిలబడుతోంది? దాన్ని ఎవరు నడిపిస్తున్నారు?

ఈ ప్రశ్న పట్టుకుని 72 ఏళ్ళ వయసులో ఒక పెద్దాయన తన గ్రీన్‌హౌస్‌లో వారం రోజులు కాపు కాశాడు. ఆయనే జాన్ ఆన్రీ ఫాబ్ర్. పురుగుల గురించి రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న స్కూలు మాస్టారు.

ఫాబ్ర్ 1823 డిసెంబర్‌లో దక్షిణ ఫ్రాన్స్‌లోని సాన్-లేయోన్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. ఇంట్లో తిండికే కష్టంగా ఉండటంతో కొన్నేళ్ళు తాతగారి పొలం దగ్గర, గొర్రెలూ బాతుల మధ్య పెరిగాడు. తండ్రి తర్వాత పల్లె వదిలి పట్నాలు తిరిగాడు. ఊరు మారినప్పుడల్లా ఒక కాఫీ హోటల్ పెట్టడం, అది మునిగిపోవడం. అలా పిల్లాడి చదువు మధ్యలో ఆగిపోయింది. సంతలో నిమ్మకాయలు అమ్మాడు. నీమ్ నుంచి బోకేర్‌కి వేస్తున్న రైలు లైను దగ్గర కూలి పని చేశాడు. చివరికి అవిన్యాన్‌లోని టీచర్ ట్రైనింగ్ స్కూలు ప్రవేశ పరీక్ష రాసి స్కాలర్‌షిప్ కొట్టాడు. అక్కడ ఫ్రీ భోజనం దొరికేది. ఆ వయసులో ఆయనకి అదేమీ చిన్న విషయం కాదు.

18 ఏళ్ళకే కార్పాంత్రాస్‌లో స్కూలు మాస్టారు అయ్యాడు. కాలేజీ చదువు లేదు, కోచింగ్ లేదు. రాత్రిళ్ళు కూర్చుని లెక్కలు, భౌతికశాస్త్రం సొంతంగా నేర్చుకుని ఒక్కో డిగ్రీ పరీక్షా పాసయ్యాడు. 1849లో కోర్సికా దీవిలోని అజాక్సియోలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఆయన ప్లాన్ అంతా లెక్కల ప్రొఫెసర్ అవ్వాలనే. అక్కడికి మొక్కల పరిశోధన కోసం వచ్చిన మోకాన్ తాండోన్ అనే శాస్త్రవేత్త ఆ ప్లాన్ మొత్తం మార్చేశాడు. ఒకరోజు ఇంట్లో ఉన్న కుట్టుపని సూదులూ కత్తెరలతోనే నీళ్ళ పళ్ళెంలో ఒక నత్తని కోసి, దాని లోపలి నిర్మాణం చూపించాడు. లెక్కలు వదిలెయ్, ప్రాణుల్ని చూడు అని సలహా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఫాబ్ర్ నిజంగానే వదిలేశాడు. బ్రాంచ్ మారడం గురించి ఆలోచించే వాళ్ళు గమనించగలరు: అప్పటికి ఆయనకి లెక్కల్లోనూ ఫిజిక్స్‌లోనూ డిగ్రీలు చేతిలో ఉన్నాయి.

1853లో తిరిగి అవిన్యాన్ వచ్చి దాదాపు 18 ఏళ్ళు అక్కడి లిసేలో పాఠాలు చెప్పాడు. 1855లో పారిస్ నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. కందిరీగలు తమ పిల్లల కోసం వేటాడిన పురుగుని చంపకుండా, కదల్లేకుండా మాత్రమే ఎలా చేస్తాయో చూపించిన పరిశోధనకి ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ బహుమతి వచ్చింది. డార్విన్ తన పుస్తకంలో ఆయన పరిశీలనని మెచ్చుకున్నాడు. ఇంత జరిగినా జీతం అంతే, హోదా అంతే. పిల్లల్ని పోషించడానికి ప్రైవేటు చెప్పుకుంటూ, సెలవు రోజు మాత్రమే పురుగుల వెంట పడేవాడు.

1865లో లూయీ పాశ్చర్ అంతటివాడు ఆ ఇంటికొచ్చాడు. పట్టుపురుగుల జబ్బు మీద పరిశోధన చెయ్యమని ప్రభుత్వం పాశ్చర్‌ని పంపింది. తమాషా ఏంటంటే ఆయన అప్పటిదాకా పట్టుగూడుని దగ్గర్నుంచి చూడలేదు. ఫాబ్ర్ గూళ్ళు తెచ్చి ఇస్తే, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల ఏదో ఉందని ఆశ్చర్యపోయాడు. వెళ్ళేటప్పుడు వైన్ మీద తన పరిశోధన గుర్తొచ్చి, మీ వైన్ సెల్లార్ చూపించండి అని అడిగాడు. పాపం, ఫాబ్ర్ దగ్గర ఉన్న సెల్లారల్లా వంటింటి మూలలో సీటు లేని కుర్చీ మీద పెట్టిన ఒక పెద్ద జాడీ మాత్రమే. అదే చూపించాడు. పట్టుపురుగుల గురించి ఏమీ తెలియకుండానే మొదలుపెట్టిన పాశ్చర్ తర్వాత ఆ జబ్బుని పట్టుకున్నాడు. దీన్నుంచి ఫాబ్ర్ తీసుకున్న పాఠం కొంచెం వింతగా ఉంటుంది: ముందు పుస్తకాలు చదివి బుర్ర నింపుకోకపోవడమే మేలని. నాకైతే ఈ పాఠం మీద పూర్తి నమ్మకం లేదు. ఆయన పద్ధతి మాత్రం జీవితాంతం అదే: పురుగుని అడుగు, పుస్తకాన్ని తర్వాత అడుగు.

డబ్బు ఇబ్బంది నుంచి బయటపడటానికి ఒక మంచి ఇంజనీరింగ్ ప్రయత్నం కూడా చేశాడు. ఆ ప్రాంతంలో మన మంజిష్ఠ జాతి మొక్కని ఎరుపు రంగు కోసం బాగా పండించేవారు. దాని వేళ్ళ నుంచి శుద్ధమైన రంగు తీసే పద్ధతి ఏళ్ళ తరబడి కష్టపడి కనిపెట్టి పేటెంట్లు తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే, 1868-69లో, జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అదే అలిజరిన్‌ని తారు నుంచి ల్యాబ్‌లో తయారుచేశారు. కొన్నేళ్ళలో పొలాలూ పోయాయి, ఫాబ్ర్ పేటెంట్ల విలువా పోయింది.

తర్వాతి దెబ్బ పాఠాల వల్ల తగిలింది. విద్యామంత్రి దురుయి ప్రోత్సాహంతో ఊళ్ళో సాయంత్రం ఉచిత తరగతులు మొదలుపెట్టారు. ఫాబ్ర్ సైన్స్ క్లాసులకి అమ్మాయిలూ వచ్చేవారు. పువ్వుల్లో పరాగ సంపర్కం ఎలా జరుగుతుందో వాళ్ళకి విడమరిచి చెప్పాడు. అంతే, ఊళ్ళో మతపెద్దలు, పెద్దమనుషులు గోల మొదలెట్టారు. ఆయన ఇంటి ఓనర్లు, ఇద్దరు పెళ్ళికాని పెద్దావిడలు, ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. రాసుకున్న అగ్రిమెంటేదీ లేదు. భార్య, ఐదుగురు పిల్లలు, చేతిలో చిల్లిగవ్వ లేదు. అప్పుడు అవిన్యాన్‌లో ఆయనతో కలిసి మొక్కలు సేకరించే ఇంగ్లీష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 3000 ఫ్రాంకులు అప్పిచ్చాడు. నోటు రాయమని కూడా అడగలేదు. ఫాబ్ర్ ఉద్యోగం వదిలి ఆరాంజ్ అనే ఊరికి మారి, స్కూలు పిల్లల కోసం సైన్స్ పుస్తకాలు రాస్తూ బతికాడు. అప్పు అణా పైసలతో తీర్చాడు. 1877లో, పురుగుల వేటలో తనకి కుడిభుజంగా ఉండే కొడుకు జూల్ 16 ఏళ్ళకే పోయాడు. తర్వాత కనుక్కున్న కొన్ని కందిరీగలకి ఆ అబ్బాయి పేరే పెట్టాడు.

1879లో, 55 ఏళ్ళ వయసులో, సేరిన్యాన్ అనే పల్లెలో సుమారు హెక్టారు నేల కొన్నాడు. రాళ్ళూ ముళ్ళూ తప్ప ఏమీ పండని బీడు. ఆ ప్రాంతపు భాషలో అలాంటి బీడుని అర్మాస్ అంటారు, ఇంటి పేరూ అదే అయింది. ఊళ్ళోవాళ్ళకి పనికిరాని ఆ నేల తేనెటీగలకీ కందిరీగలకీ స్వర్గం. చనిపోయేదాకా, 36 ఏళ్ళు, ఆయన అక్కడే ఉన్నాడు. కీటకాల మీద తన జ్ఞాపకాల పుస్తకం పది సంపుటాలూ 1879 నుంచి 1907 మధ్య వచ్చాయి.

గుంపు నడక అన్నది ఆయన్ని గొంగళిపురుగుల కంటే ముందే, చీమల రూపంలో పట్టుకుంది. అర్మాస్‌లో ఒక రకం ఎర్రచీమలు ఉండేవి. పక్కనున్న నల్లచీమల పుట్టల మీద దండెత్తి, వాటి ప్యూపాల్ని ఎత్తుకొచ్చి, అవి పెద్దయ్యాక వాటితోనే ఇంటి పని చేయించుకునే రకం. ఈ దండు వెళ్ళిన దారినే, ఎంత వంకరగా ఉన్నా, అడుగు తప్పకుండా తిరిగొస్తుంది. చీమల దండు ఎప్పుడు బయల్దేరుతుందో కనిపెట్టే డ్యూటీ మనవరాలు లూసీది. ఆ పిల్ల దండు వెంట నడుస్తూ దారి పొడవునా తెల్ల గులకరాళ్ళు వేసి, వచ్చి తాతని పిలిచేది. ఫాబ్ర్ ఆ దారికి అడ్డంగా మట్టి ఊడ్చాడు, గొట్టంతో నీళ్ళు వదిలాడు, పుదీనా ఆకులతో రుద్దాడు, న్యూస్‌పేపర్లు పరిచాడు. ప్రతిసారీ దండు ఆగి, తడబడి, చివరికి దాటేసింది. వాసన చెరిపేసినా దాటాయి కాబట్టి అవి చూపుతో దారి గుర్తుపడతాయని తేల్చాడు. చీమలన్నీ వాసనతోనే నడుస్తాయని గట్టిగా నమ్మేవాళ్ళకి ఇది అప్పట్లో మింగుడుపడని మాట.

ఇక గొంగళిపురుగులు. పైన్ చెట్టు మీద ఒక్కో తల్లి రెక్కల పురుగు దాదాపు 300 గుడ్లు ఒకేచోట పెడుతుంది. పుట్టిన పిల్లలన్నీ కలిసి పట్టుదారాలతో కొమ్మ మీద బంతిలాంటి గూడు కట్టుకుంటాయి. చలికాలమంతా పగలు గూట్లో పడుకుని, రాత్రి ఆకులు తినడానికి బయటికొస్తాయి. వీటి దురద సంగతి తెలుసుకోవడానికి ఫాబ్ర్ పురుగుల నుంచి ఈథర్‌తో రసం తీసి, తన ముంజేతికే పట్టీ కట్టుకుని చూశాడు. చెయ్యి వాచి, పుండుపడి, వారాల తరబడి బాధపడ్డాడు. ఎథిక్స్ కమిటీలు లేని రోజులు.

నడిచేటప్పుడు ప్రతి పురుగూ నోటి దగ్గర నుంచి సన్నటి పట్టుదారం వదులుతూ పోతుంది. మొదటిది వదిలిన దారం మీద రెండోది తన దారం కలుపుతుంది, మూడోది ఇంకోటి. లైను దాటేసరికి సన్నటి తెల్ల రిబ్బను మిగులుతుంది. ఆ రిబ్బనే వాటికి రైలు పట్టా అనుకున్నాడు ఫాబ్ర్. మరి ఇంజను ఎవరు? లైన్లో మొదటిదాన్ని తీసేసి చూశాడు. రెండోది ఏ హడావిడీ లేకుండా లీడరైపోయింది. మధ్యలో ఒకదాన్ని తీస్తే లైను రెండుగా తెగి, వెనక ముక్కకి కొత్త లీడర్ వచ్చింది. వెనకే నడిచినప్పుడు తల వంచుకుని పోయిన పురుగే, ముందుకు రాగానే తల అటూ ఇటూ ఆడిస్తూ దారి వెతకడం మొదలెట్టింది. బలమైనది, తెలివైనది, పెద్దది అంటూ ఏమీ లేదు. ఆ క్షణంలో ముందు ఎవరుంటే వాళ్ళే లీడర్.

మరి ముందు అంటూ ఎవరూ లేకుండా చేస్తే?

లైనుని వలయంగా మార్చాలి. చేత్తో చెయ్యబోతే కుదరలేదు. పురుగులే ఆ పని చేసిపెట్టాయి. 1896 జనవరి 30, మధ్యాహ్నం 12 కావస్తుండగా, గ్రీన్‌హౌస్‌లో తాటి జాతి మొక్క ఉన్న పెద్ద పూలకుండీ మీదకి ఒక దండు ఎక్కి, అంచు చుట్టూ నడవడం మొదలెట్టింది. అంచు చుట్టుకొలత 1.35 మీటర్లు. ముందున్నది ఒక చుట్టు తిరిగి మొదటికి వచ్చేసరికి, ఫాబ్ర్ కింద నుంచి ఇంకా ఎక్కుతున్నవాటిని తప్పించి, కుండీ పక్కన ఉన్న దారాన్ని కుంచెతో శుభ్రంగా తుడిచేశాడు. ఇప్పుడు అంచు మీద ఒక పూర్తి వలయం. మొదటిదీ లేదు, చివరిదీ లేదు. ప్రతిదానికీ ముందు ఒకటి ఉంది, ప్రతిదీ దాని వెనకే పోతోంది.

కాస్త దూరంలోనే పచ్చటి పైన్ కొమ్మలు పెట్టాడు. ఆకలేస్తే దిగుతాయిలే అనుకున్నాడు. సాయంత్రమైంది, దిగలేదు. రాత్రి చలికి నెమ్మదించి ఆగిపోయాయి. తెల్లారి ఎండ తగలగానే మళ్ళీ మొదలు. రెండో రోజు, మూడో రోజు, అదే పని. కొన్ని రాత్రులు గడ్డకట్టే చలికి వరస చెదిరి కుప్పలుగా ముడుచుకున్నాయి. అలా చెదిరినప్పుడు మాత్రం మర్నాడు పొద్దున్న కాసేపు లీడర్లు పుట్టుకొచ్చేవారు. ఒకటి రెండు కుండీలోని మట్టిలోకి దిగి చూసి, తినడానికేమీ దొరక్క మళ్ళీ అంచు మీదకే వచ్చేవి. మళ్ళీ వలయం.

ఫాబ్ర్ కూర్చుని లెక్క వేశాడు (పాత లెక్కల మాస్టారు కదా). 7 రోజులు అంటే 168 గంటలు. ఆగిన సమయం తీసేస్తే నడిచింది 84 గంటలు. సగటున నిమిషానికి 9 సెంటీమీటర్లు. మొత్తం 453 మీటర్లు. అంటే 335 రౌండ్లు. అలసట, ఆకలి, చలి వల్ల వలయం ముక్కలై, ఎనిమిదో రోజు కొన్ని కుండీ పక్క నుంచి కిందికి దారి పట్టాయి. వాటి దారం వెంట మిగిలినవి దిగాయి. సూర్యాస్తమయానికల్లా గూటికి చేరాయి.

ఫాబ్ర్ దీన్ని పురుగుల తెలివితక్కువతనం కింద రాసుకున్నాడు. సహజ ప్రవృత్తి గుడ్డిదని, అది ఇచ్చిన ఆజ్ఞకి మించి పురుగు ఆలోచించలేదని ఆయన వాదన. ఈ పాయింట్ దగ్గర నేను పురుగుల పక్షం. గ్రాఫ్ థియరీ చదివిన మనకి ఒక సంగతి వెంటనే తట్టాలి: చెట్టు అంటే సైకిల్ లేని గ్రాఫ్. ఈ పురుగు బతుకంతా చాలావరకు నిజమైన చెట్టు మీదే. కాండం కొమ్మలవుతుంది, కొమ్మ రెమ్మలవుతుంది, రెమ్మ ఆకు దగ్గర ఆగిపోతుంది. ఎక్కడా వలయం లేదు. అక్కడ ముందున్నదాన్ని వదలకు అన్న ఒక్క రూలు చాలు, చీకట్లో వందల పురుగులు తప్పిపోకుండా మేతకి వెళ్ళి ఇంటికి రావడానికి. ఆ ఇన్‌పుట్‌కి అది సరైన అల్గారిథమే. వలయం ఉన్న ఇన్‌పుట్ ఇచ్చి, బయటికి పోయే దారిని కుంచెతో తుడిచిందీ ఫాబ్రే. ఇన్ఫినిట్ లూప్‌లో పడ్డాయంటే తప్పు పూర్తిగా వాటిదే అనలేం. పైగా లూప్ తెగిన తీరు చూడండి. ఏ పురుగుకీ బుద్ధి రాలేదు. చలి వచ్చి వరసని చెదరగొట్టింది, అంతే.

దారం విషయంలో మాత్రం తర్వాతి పరిశోధకులు ఆయన్ని సరిదిద్దారు. వరసలో ఉన్నప్పుడు పురుగుకి పట్టుదారం కంటే ముఖ్యమైనది ముందున్నదాని తోక వెంట్రుకల స్పర్శ. పొట్ట చివరి భాగాన్ని కొమ్మకి రాస్తూ వదిలే ఒక రసాయనం కూడా దారి చూపిస్తుంది. కానీ లీడర్ లేడు, ప్రతి పురుగూ తన ముందున్న ఒక్కదాన్ని మాత్రమే పట్టించుకుంటుంది అన్న అసలు సంగతి ఇప్పటికీ నిలిచే ఉంది. అమెరికా అడవుల్లో గుడ్డి సైనిక చీమలు ఇలాగే వలయంలో చిక్కుకుని చచ్చేదాకా తిరగడం 20వ శతాబ్దంలో శాస్త్రజ్ఞులు చూశారు. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ పక్షుల గుంపుని కంప్యూటర్‌లో ఎగరేసినప్పుడు ఒక్కో పక్షికి ఇచ్చింది మూడే రూల్స్: పక్కవాడిని గుద్దకు, పక్కవాళ్ళు పోయే దిక్కుకే తిరుగు, గుంపుకి దగ్గరగా ఉండు. ఆ కోడ్‌లో ఎక్కడా లీడర్ అనే వేరియబుల్ లేదు.

ఇంత చూసిన ఫాబ్ర్ డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. అలాగని ఇద్దరికీ గొడవ లేదు. దూరంగా వదిలేసిన తేనెటీగలు ఇంటికి ఎలా వస్తాయో తెలుసుకోవడానికి, వాటిని పెట్టెలో గిరగిరా తిప్పి వదిలి చూడమని డార్విన్ ఉత్తరం రాశాడు. ఫాబ్ర్ శ్రద్ధగా తిప్పి చూశాడు. తిప్పినా అవి ఇంటికొచ్చాయి. ఇంత కచ్చితమైన ప్రవృత్తి కొంచెం కొంచెంగా ఎలా తయారవుతుంది అన్నది ఫాబ్ర్ ప్రశ్న. దానికి జవాబు తన కుండీ అంచు మీదే కొంత ఉందని ఆయనకి తట్టలేదేమో అనిపిస్తుంది. చెట్టు మీద పనిచేసి కుండీ మీద విఫలమయ్యే రూలు, చెట్టు మీద బతికి బతికి వచ్చిన రూలే కదా.

పుస్తకాల అమ్మకాలు పడిపోయి ముసలితనంలో మళ్ళీ పేదరికం చుట్టుకుంది. 1910లో అభిమానులు పూనుకుని సేరిన్యాన్‌లో సన్మానం చేశాక దేశానికి ఆయన ఉన్నాడని గుర్తొచ్చింది. పింఛను ఇచ్చారు. సాహిత్యంలో నోబెల్‌కి పేరు ప్రతిపాదించారు గానీ రాలేదు. 1913లో దేశాధ్యక్షుడు పోయాంకారే స్వయంగా అర్మాస్‌కి వచ్చాడు. అప్పటికి ఫాబ్ర్‌కి 89 ఏళ్ళు. 1915 అక్టోబర్ 11న, ప్రపంచ యుద్ధం మధ్యలో, ఆ ఇంట్లోనే పోయాడు.

అర్మాస్ ఇప్పుడు మ్యూజియం. ఆయన రాసుకున్న చిన్న బల్ల అక్కడ ఉంది. పైన్ గొంగళిపురుగులు మాత్రం సేరిన్యాన్ దగ్గరే ఆగిపోలేదు. శీతాకాలాలు వెచ్చబడుతున్న కొద్దీ, గత కొన్ని దశాబ్దాలుగా ఏడాదికి కాస్త కాస్త ఉత్తరానికి జరుగుతూ పారిస్ దాకా వచ్చేశాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చెట్టు దిగి మట్టిలోకి పోయేటప్పుడు పార్కుల్లో కాలిబాటల మీద ఇప్పటికీ ఒకే వరసలో, ముందున్నదాని తోక పట్టుకుని నడుస్తాయి. పిల్లల్నీ కుక్కల్నీ దగ్గరికి పోనివ్వద్దని అక్కడి మున్సిపాలిటీలు బోర్డులు పెడుతుంటాయి.